ఆ దీపం తల్లా, తండ్రా?

1986 ఆగస్టు. అమెరికాలోని డల్లాస్ నగరం. కంప్యూటరు చిత్రకళకు సంబంధించిన వార్షిక మహాసభలకు వచ్చిన వేలాదిమంది ఒక విశాలమైన సభామందిరంలో కిక్కిరిసి కూర్చున్నారు. మందిరంలోని దీపాలు ఆరాయి. తెరమీద మరి రెండు దీపాలు వెలిగాయి. అవి రాతబల్లలపై ఉంచుకునే మామూలు దీపాలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

చిన్న దీపం గంతులు వేస్తూ ఒక బంతితో ఆడుకుంది. ఉత్సాహం పట్టలేక దానిపైకి ఎక్కింది. బంతిలోని గాలి కాస్తా పోయింది. చిన్న దీపం దిగులుగా తల వాల్చి అవతలికి వెళ్ళిపోయింది. అంతలోనే ఇంకా పెద్ద బంతిని తరుముకుంటూ తిరిగి వచ్చింది. ఈ పిల్లతో వేగలేనన్నట్లు పెద్ద దీపం తల అడ్డంగా ఊపింది.

కథ అంతే. నిడివి సుమారు రెండు నిమిషాలు. ఆ దీపాలకు కళ్ళు లేవు, నోరు లేదు, ఒక్క మాట కూడా లేదు. అయినా చిత్రం పూర్తి కాకముందే మందిరం హర్షధ్వానాలతో మారుమ్రోగింది.

ప్రదర్శన అనంతరం జిమ్ బ్లిన్ చిత్ర దర్శకుడైన జాన్ లాసెటర్‌ను వెదుక్కుంటూ వచ్చాడు. వోయెజర్ అంతరిక్షనౌకల ప్రయాణాన్ని కంప్యూటరు చిత్రాలుగా మలచి ఖ్యాతి గడించిన శాస్త్రజ్ఞుడాయన. దీపాల నీడలను ఏ గణితంతో సాధించారని అడుగుతాడేమోనని లాసెటర్ లోలోపల జంకాడు. ఆయన బొమ్మలు గీసే కళాకారుడే తప్ప గణితవేత్త కాడు. కాని బ్లిన్ అడిగిన ప్రశ్న వేరు: ఆ పెద్ద దీపం తల్లా, తండ్రా?

తాము గెలిచామని లాసెటర్‌కు ఆ క్షణాన అర్థమైంది. యంత్రం గీసిన బొమ్మను చూసి ఒక శాస్త్రజ్ఞుడు యంత్రాన్నే మరచిపోయాడు!

<b>తెర వెనుక సంఘం</b>

‘లక్సో జూనియర్’ అనే ఆ చిత్రానికి వేదికనిచ్చినది సినిమా సంస్థ కాదు, కంప్యూటరు నిపుణుల సంఘం. 1947లో అమెరికాలో వెలసిన ‘అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ’కి అనుబంధంగా 1960ల చివర ఏర్పడిన విభాగమే ‘సిగ్రాఫ్’. దాని మొదటి మహాసభ 1974లో కొలరాడోలోని బౌల్డర్ పట్టణంలో జరిగింది. పగలు పరిశోధన పత్రాలు, రాత్రి చిత్ర ప్రదర్శనలు. క్రమేణా ఆ రాత్రులే సభలకు ప్రాణమయ్యాయి.

మహాసభకు రాలేనివారి సంగతి ఏమిటి? 1979లో టామ్ డిఫాంటీ అనే ఆచార్యుడు ఈ చిత్రాలను వీడియో టేపులకెక్కించి ప్రపంచమంతటికీ అందించే ఏర్పాటు ప్రారంభించాడు. ఇక ఊరూరా స్థానిక శాఖలు పుట్టాయి. కళాశాల మందిరమో, అద్దె హాలో చూసుకొని, సభ్యులే కాక ఆసక్తిగల పౌరులందరూ చూసేలా అవి ప్రదర్శనలు ఏర్పాటు చేశాయి. మన దేశంలో బెంగళూరులోనూ అటువంటి శాఖ ఒకటి వెలసింది.

<b>కొండలు కొన్న ఉద్యోగం</b>

ఈ ప్రదర్శనలు కొందరి జీవితాలనే మలుపు తిప్పాయి. లోరెన్ కార్పెంటర్ బోయింగ్ విమాన సంస్థలో ఉద్యోగి. కంప్యూటరుతో గీసిన విమానాల వెనుక నిజమైన కొండలు కనిపించాలని ఆయన కోరిక. గణితవేత్త మాండెల్‌బ్రాట్ గ్రంథంలో దారి దొరికింది. ఒక పెద్ద త్రిభుజాన్ని తీసుకొని, దాని అంచుల మధ్య బిందువులను కొద్దిగా పైకో కిందికో జరిపి, నాలుగు చిన్న త్రిభుజాలుగా విడగొట్టాలి. వాటిని మళ్ళీ అలాగే విభజించాలి. పోగా పోగా నున్నని పలక కాస్తా గరుకైన పర్వతమవుతుంది!

ఒక్కొక్క బొమ్మకు కంప్యూటరు 20 నుండి 40 నిమిషాల వరకు తీసుకునేది. తెరమీద ఒక్క సెకను గడవడానికి 24 బొమ్మలు కావాలి. ఓపికపట్టి కార్పెంటర్ రెండు నిమిషాల ‘వోల్ లీబ్ర్’ చిత్రాన్ని పూర్తిచేసి, 1980లో సియాటిల్ మహాసభలో చూపించాడు. పర్వతశ్రేణుల మీదుగా పక్షిలా ఎగిరిపోతున్న ఆ దృశ్యానికి సభ ఉప్పొంగింది. ప్రేక్షకులలో ఉన్న లూకాస్‌ఫిల్మ్ కంప్యూటరు విభాగం పెద్దలు అక్కడికక్కడే ఆయనను ఉద్యోగానికి ఆహ్వానించారు. 1982లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ రెండవ చిత్రంలో ఆయన కొండలు వెండితెరకెక్కాయి.

1984లో మిన్నియాపొలిస్ సభ మరో పాఠం నేర్పింది. లూకాస్‌ఫిల్మ్ బృందం తెచ్చిన ‘ఆండ్రే అండ్ వాలీ బి’ చిత్రం అప్పటికి పూర్తి కాలేదు. కొన్ని క్షణాలపాటు రంగులు లేని వట్టి గీతలే కనిపించాయి. బృందం సిగ్గుపడింది. తీరా విచారిస్తే చాలామంది ప్రేక్షకులు ఆ లోపాన్ని గమనించనే లేదు. వారు కథలో లీనమైపోయారు. ఆ బృందమే 1986లో పిక్సార్ సంస్థగా రూపొంది దీపాల కథ చెప్పింది. 1995లో ‘టాయ్ స్టోరీ’తో పూర్తి నిడివి కంప్యూటరు చిత్రాన్ని లోకానికి అందించింది.

<b>తోలుబొమ్మల వారసులు</b>

తెలుగువారికి ఈ పాఠం కొత్తది కాదు. తెల్లని తెర, వెనుక ఒక దీపం, మేకతోలు బొమ్మ - ఇంతే సరంజామాతో మన కళాకారులు రాత్రంతా రామాయణం ఆడించారు. బొమ్మ ముఖం మారదు. కదలికలోనే శోకం, కదలికలోనే వీరం. 2012లో విడుదలైన ‘ఈగ’ చిత్రంలో కథానాయకుడు మాటరాని ఈగ. సైగలతోనే అది కోటానుకోట్ల మనసులను గెలుచుకుంది. ఉత్తమ తెలుగు చిత్రంగానూ, స్పెషల్ ఎఫెక్టులకు గానూ జాతీయ పురస్కారాలు అందుకుంది.

<b>ద్వీపాలలో ఒక తెర</b>

అండమాన్‌లో, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలువబడిన శ్రీ విజయపురంలో, డెలానీపూర్ అనే పేట ఉంది. గవ్వలు, పగడాలు కొలువుతీరిన ‘సముద్రిక’ ప్రదర్శనశాల అక్కడిదే. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున సముద్రగర్భంలో వేసిన తంత్రీమార్గం ప్రారంభమయ్యేదాకా ఈ ద్వీపాలు బయటి లోకపు సమాచారానికి ఉపగ్రహాలపైనే ఎక్కువగా ఆధారపడ్డాయి. నేడు కార్పెంటర్ కొండలనైనా, లాసెటర్ దీపాలనైనా అక్కడి విద్యార్థి తన గదిలో కూర్చొనే చూడవచ్చు.

అయితే గదిలో ఒంటరిగా చూడటం వేరు, నలుగురితో కలిసి చూడటం వేరు. పక్కవాని నవ్వు విన్నప్పుడే బొమ్మ నిజంగా బ్రతికిందో లేదో తేలుతుంది. అందుకు కావలసినదల్లా ఒక గోడ, ఒక ప్రొజెక్టరు, పూనుకొనే నలుగురు మిత్రులు. చీకటి పడ్డాక బెంచీ అంచున కూర్చున్న ఏ చిన్నారో లేచి, గణితం సంగతి కాక, ఆ పెద్ద దీపం అమ్మా, నాన్నా అని అడిగితే చాలు. ఆ ప్రదర్శన సఫలమైనట్లే.