రంగం వెళ్ళిన మన కూలీలు తిరిగి ఎందుకొచ్చారు? బర్మా కథ

ఒక దేశంలో జనం చేతిలో డబ్బు ఆగిపోతే కోపం ఎవరి మీదకి పోతుంది? ఈ టాపిక్ అనగానే అందరూ హిట్లర్ దగ్గర మొదలుపెడతారు. మనకి అంత దూరం అక్కర్లేదు. బంగాళాఖాతం దాటితే చాలు, బర్మా. ఇప్పటి మయన్మార్ అన్నమాట.

రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి వైపు నుంచి వేలమంది ఓడెక్కి పోయేవారు. కాకినాడ పక్కన కోరంగి రేవు ఉంది కదా, ఆ పేరు మీదే అక్కడ మనవాళ్ళని కోరంగీలు అని పిలిచేవారు. హార్బర్‌లో బస్తాలు మోయడం, రిక్షా లాగడం, రైస్ మిల్లుల్లో పని. మేస్త్రీ ముందు అడ్వాన్స్ ఇస్తాడు, తర్వాత కూలిలోంచి కోసుకుంటాడు. అప్పుడు బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే, కాబట్టి అడ్డేం లేదు. 1931 లెక్కల్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా ఇండియన్లే. సొంత రాజధానిలో బర్మా వాళ్ళే మైనారిటీ. వాళ్ళ బాధ ఉత్తుత్తిది కాదు, అది ఒప్పుకోవాలి.

1930 మే నెలలో హార్బర్‌లో మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీల్ని దింపాయి. సమ్మె సెటిల్ అయ్యింది, మనవాళ్ళు పనిలోకి వచ్చారు, బర్మా కూలీల్ని ఇక పొమ్మన్నారు. అంతే, గొడవ ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువ దెబ్బతిన్నది తెలుగు కూలీలే. రెండు వైపులా పేదవాళ్ళే, చూడండి. ఇద్దరితో ఆడుకున్న కంపెనీల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఈలోపు ప్రపంచమంతా మాంద్యం. బర్మా బతికేదే బియ్యం ఎగుమతి మీద. ధాన్యం రేటు సగానికంటే కిందికి పడిపోయింది, రైతు అప్పు మాత్రం అలాగే ఉంది. అప్పులిచ్చింది ఎక్కువగా తమిళ చెట్టియార్లు. ముఖ్యమైన 13 వరి జిల్లాల్లో వాళ్ళ చేతిలో ఉన్న సాగుభూమి 1930లో 6 శాతం, 1938కి 25 శాతం. నిజానికి వాళ్ళకి కావాల్సింది క్యాష్, పొలం కాదు. కానీ పొలం పోయిన రైతుకి ఆ మాట చెప్పి ఏం లాభం?

అసలు పాయింట్ ఇక్కడుంది. వడ్డీకి ఇచ్చే చెట్టియారుకి, బస్తాలు మోసే కోరంగికి సంబంధం ఏంటి? ఏమీ లేదు. కానీ బర్మా భాషలో ఇద్దరికీ ఒకటే పేరు, 'కలా'. ఒకడి మీద కోపం ఇంకొకడి మీద తీరడానికి ఆ ఒక్క మాట సరిపోయింది. 1938లో మళ్ళీ అల్లర్లు.

తర్వాత యుద్ధం. 1941 డిసెంబర్ 23న జపాన్ రంగూన్ మీద బాంబులేసింది. నాలుగైదు లక్షల మంది ఇండియా వైపు బయల్దేరారు, చాలామంది కాలినడకనే. అరకాన్ కొండలు, మణిపూర్ అడవులు. కలరా, మలేరియా, ఆకలి. వేలకి వేలమంది దారిలోనే పోయారు. అక్కడ కూడా కొన్నిచోట్ల తెల్లవాళ్ళకి మంచి దారి, మనవాళ్ళకి వేరే దారి.

మిగిలినవాళ్ళ కథ 1962లో నె విన్ మిలిటరీ పాలన వచ్చాక ముగిసింది. షాపులు, బ్యాంకులు జాతీయం చేశారు. 1964లో 50, 100 క్యాట్ నోట్లు రద్దు. దాదాపు 3 లక్షల మంది ఉత్త చేతులతో వెనక్కొచ్చారు. విశాఖలో బర్మా క్యాంప్ అనే ఏరియా ఉంది కదా, ఆ పేరు ఇలా వచ్చిందే. మరి వీళ్ళని పంపేశాక బర్మా బాగుపడిందా? ఒకప్పుడు ప్రపంచంలోనే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశాన్ని 1987లో ఐక్యరాజ్యసమితి అత్యంత వెనకబడిన దేశాల లిస్టులో చేర్చింది.

1982లో పౌరసత్వ చట్టం తెచ్చారు. 1823కి ముందు నుంచి అక్కడున్న జాతులే పుట్టుకతో పౌరులట. 1823 ఎందుకంటే, 1824లో బ్రిటిష్ వాళ్ళు యుద్ధానికి దిగారు. ఆ తర్వాత వచ్చిన కుటుంబాలు కాగితాలు చూపించి కింది తరగతి పౌరసత్వం అడుక్కోవాలి. రోహింగ్యాలని అసలు తమ జాతుల లిస్టులోనే పెట్టలేదు. 2017లో 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయింది వాళ్ళే.