విమానం పంకాకు ఒక మెలిక



హైదరాబాదు నుంచి విజయవాడకో, రాజమండ్రికో వెళ్ళే చిన్న విమానం మీలో చాలామంది ఎక్కే వుంటారు. ఏటీఆర్ అంటారు దాన్ని. రెండు ప్రక్కలా రెండు పెద్ద పంకాలు వుంటాయి. "అయ్యో, పంకాల విమానమా, పాతకాలంది కాబోలు!" అని కొందరు మొహం చిట్లిస్తారు. పాతదేం కాదండీ. దగ్గర ఊళ్ళకు తక్కువ చమురుతో వెళ్ళాలంటే ఈ పంకాయే మేలు. దాని పేరు ప్రొపెల్లర్. అది గిర్రున తిరగడం అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది మరొకటి వున్నది. అలా తిరుగుతూ వుండగానే దాని ఒక్కొక్క బ్లేడూ మొదలు దగ్గర అటూ ఇటూ మెలి తిరుగుతూ వుంటుంది. ఈవేళ ఆ మెలిక సంగతి చెప్పుకొందాం.

ముందు మన ఇంట్లో సీలింగు ఫ్యాను చూడండి. దాని రెక్కలు బల్లపరుపుగా వుండవు. కాస్త ఏటవాలుగా వుంటాయి. ఆ వాలే గాలిని కిందికి తోస్తుంది. బూజు దులుపుతూ ఎవరైనా ఆ వాలు కాస్తా వంచి సాపు చేసేశారనుకోండి, ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా గాలి రాదు. ప్రొపెల్లరూ అంతే. గాలిని వెనక్కి తోసి విమానాన్ని ముందుకు తీసుకుపోతుంది. ఆ వాలునే ఇంజనీర్లు పిచ్ అంటారు. మరమేకు ఒక చుట్టు తిప్పితే చెక్కలోకి ఎంత దిగుతుందో, ఇదీ ఆ లెక్కే.

అయితే ఫ్యాను ఒకచోట వేలాడుతూ వుంటుంది. విమానం నిలిచి వున్నప్పుడు ప్రొపెల్లరు పనీ ఫ్యాను పనిలాంటిదే. పరుగు మొదలుపెట్టాక ఎదురుగాలి వచ్చి పడుతుంది. వేగం హెచ్చినకొద్దీ బ్లేడు ముందుకు జారిపోతూ వుంటుంది కనుక, ఇందాకటి వాలు ఇప్పుడు చాలదు. గాలి పట్టు దొరకదు. ఇంజను మీద బరువు తగ్గి, ప్రొపెల్లరు ఊరికే గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. పోనీ, మొదటినుంచీ ఎక్కువ వాలు పెడదామా? అప్పుడు నేలమీద వుండగానే ఇంజను ఆయాసపడుతుంది, విమానం లేవడానికి తంటాలు పడుతుంది. ఘాట్ రోడ్డు మీద స్కూటరును నాలుగో గేరులో ఎక్కించినట్లన్నమాట. పైకి లేచేటప్పుడు తక్కువ వాలు, ఆకాశంలో సాగిపోయేటప్పుడు ఎక్కువ వాలు కావాలి.

తొలినాటి ప్రొపెల్లర్లు చాలామటుకు చెక్కతో, ఒకటే వాలుతో చేసినవి. ఎక్కడో ఒకచోట రాజీపడవలసిందే. గాలిలో వుండగానే వాలు మార్చే ప్రొపెల్లరు కోసం 1920ల్లో ఇంగ్లండులో, కెనడాలో పలువురు పాటుపడ్డారు. అమెరికాలో ఫ్రాంక్ కాల్డ్వెల్ అనే ఇంజనీరు, హామిల్టన్ స్టాండర్డ్ కంపెనీ కలిసి దాన్ని వాడకంలోకి తెచ్చినందుకు వాళ్ళకు 1933 సంవత్సరపు కొల్లియర్ ట్రోఫీ ఇచ్చారు. తరువాత మన బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటా విమానాలకు ఇలా వాలు మారే ప్రొపెల్లర్లే వుండేవి.

సరే, నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా తిరిగే బ్లేడును ఎవరు మెలి తిప్పుతారు? నూనె! ప్రొపెల్లరు మధ్య వున్న బొడ్డులో ఒక ముషలకం వుంటుంది. ఇంజనులోని నూనెనే ఒత్తిడి పెంచి దానిమీదికి పంపిస్తారు. ముషలకం కదిలితే బ్లేడ్ల మొదళ్ళు తిరుగుతాయి. ఎంత నూనె పోవాలో చూసే పెద్దమనిషి పేరు గవర్నరు.

ఈ గవర్నరు చాలా ముచ్చటైన పరికరం. చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడేవాళ్ళం, జ్ఞాపకం వున్నదా? చేతులు పట్టుకుని జోరుగా తిరిగినకొద్దీ ఒళ్ళు వెనక్కి లాగేస్తుంది, పరికిణీ విచ్చుకుంటుంది. గవర్నరులో రెండు చిన్న గుండ్లు అలాగే తిరుగుతూ వుంటాయి. వాటిని లోపలికి అదిమిపెట్టడానికి ఒక స్ప్రింగు వుంటుంది. ప్రొపెల్లరు వేగం మితిమీరిందా, గుండ్లు బయటికి విచ్చుకుంటాయి. దాంతో నూనె దారి మారి, బ్లేడు వాలు పెరుగుతుంది. వాలు పెరిగితే బరువు పెరిగి వేగం తగ్గుతుంది. వేగం మరీ తగ్గితే స్ప్రింగుది పైచేయి అవుతుంది, వాలు తగ్గుతుంది. పైలటు కావలసిన వేగం చెప్పి వూరుకుంటే చాలు, తక్కినదంతా గుండ్లూ స్ప్రింగూ తేల్చుకుంటాయి. ఇప్పటి ఏటీఆర్‌లో ఈ తూకం చూసేది కంప్యూటరు. బ్లేడును తిప్పే పని మాత్రం ఇప్పటికీ నూనెదే. ఆ ప్రొపెల్లరు పైకి లేచేటప్పుడు నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంది. పైకి చేరాక ఆ వేగం తగ్గించి, వాలు పెంచుతారు. విమానం లేచిన కాసేపటికి రొద తగ్గినట్లుండేది అందుకే. కంగారు పడకండి.

మరి ఇంజను ఆగిపోతే? అప్పుడు ఎదురుగాలే ప్రొపెల్లరును తిప్పుతుంది. పదమూడడుగుల పంకా గాలికి అడ్డం పడి విమానాన్ని వెనక్కి లాగుతుంది. ఈదురుగాలిలో వెడల్పాటి అట్ట పట్టుకుని నడవండి, ముందుకు పోనివ్వదు. అదే అట్ట అంచును గాలికి ఎదురుగా తిప్పితే హాయిగా నడవగలరు. బ్లేడ్లను కూడా అలా అంచు గాలికి ఎదురుగా వుండేటట్లు పూర్తిగా తిప్పేస్తారు. దీన్నే ఫెదరింగ్ అంటారు. రెండింజన్ల విమానాలలో నూనె ఒత్తిడి పోయినా బ్లేడ్లు ఎక్కువ వాలువైపే తిరిగేటట్లు బ్లేడ్ల మొదళ్ళలో బరువులు అమరుస్తారు. నేలమీద ఆగివున్న ఏటీఆర్‌ను ఈసారి చూడండి, బ్లేడ్లు అంచులు ముందుకు పెట్టి నిలబడి వుంటాయి.

ప్రాణం కాపాడడానికి పెట్టిన ఈ ఏర్పాటే ఒకచోట ప్రాణాలు తీసింది. 2023 జనవరి 15న నేపాల్‌లో ఖాట్మండు నుంచి పోఖరాకు వెళ్తున్న ఏటీఆర్ దిగడానికి సిద్ధమవుతున్నది. ఎడమ సీటులో విమానం నడుపుతున్నది ఒక మహిళా కెప్టెన్. ఆమె భర్త కూడా పైలటే, 2006లో జుమ్లా వద్ద జరిగిన విమాన ప్రమాదంలో పోయారు. కుడివైపున శిక్షకుడైన మరో కెప్టెన్. ఆమె, విమానం రెక్కలకు వెనుక వుండే ఫ్లాపులు దింపమని అడిగారు. ఫ్లాపుల మీటకు ప్రక్కనే ప్రొపెల్లర్లను ఫెదర్ చేసే రెండు మీటలు వుంటాయి. వంటింట్లో ఒక బర్నరు తగ్గించబోయి ప్రక్క బర్నరు ఆర్పేస్తాం చూడండి, అలా శిక్షకుడి చేయి ఆ రెండు మీటలనూ వెనక్కి లాగిందనే దర్యాప్తు సంఘం తేల్చింది. రెండు ప్రొపెల్లర్లూ ఒక్కసారే ఫెదర్ అయిపోయాయి. గాలిని తోసే వాలు లేదు.

ఇంజన్లు ఆగలేదు, నడుస్తూనే వున్నాయి. అదే వాళ్ళను మోసం చేసింది. ఆమె బలం రావడం లేదని రెండుసార్లు చెప్పారు. పవర్ మీటలు చివరిదాకా తోశారు, ఫలితం లేకపోయింది. విమానం సేతీ నది లోయలో పడిపోయింది. అందులో వున్న 72 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఆ రెండు మీటలనూ తిరిగి ముందుకు తోస్తే బ్లేడ్లు మళ్ళీ గాలిని పట్టుకుంటాయి. ఆ సంగతి గ్రహించడానికి వాళ్ళకు దొరికిన వ్యవధి సుమారు ఒక్క నిమిషం.