బర్డ్ ఫ్లూ: కోడి వెళ్లే దారిలోనే వైరస్

బదిలీలపై బస్తర్ వచ్చిన మా తెలుగు కుటుంబాలకు ఇక్కడి వారపు సంతలో సొంతూరిని గుర్తుచేసేది కోడిపందెం. గోదావరి జిల్లాల్లో అది సంక్రాంతి సందడి. ఇక్కడ చాలా సంతల్లో మామూలు దృశ్యం. నాలుగు ఊళ్ల పుంజులు ఒకచోట చేరి, సాయంత్రానికి మళ్లీ నాలుగు ఊళ్లకు వెళ్లిపోతాయి. బర్డ్ ఫ్లూ పాకే తీరు తెలుసుకోవడానికి ఈ రాకపోకలే మంచి ఉదాహరణ.

ఈ జబ్బుకు కారణం ఇన్‌ఫ్లుయెంజా ‘ఎ’ వైరస్. దానిపై ఉండే హెచ్ ప్రోటీన్ సాయంతో అది కణంలోకి చొరబడుతుంది. లోపల పుట్టిన కొత్త వైరస్‌లు బయటపడటానికి ఎన్ ప్రోటీన్ తోడ్పడుతుంది. హెచ్5ఎన్1 అనే పేరు వీటి నుంచే వచ్చింది.

ఈ వైరస్‌లకు సహజ నివాసం అడవి బాతుల వంటి నీటిపక్షులు. చాలాసార్లు వాటిలో జబ్బు పైకి కనిపించదు. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు తాగిన పెరటి కోడికి వైరస్ అంటుకుంటుంది. చల్లని నీటిలో అది చాలా రోజులు బతుకుతుంది. ప్రమాదకరమైన రకం సోకితే కోళ్లు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. ఆ తర్వాత వైరస్ ప్రయాణానికి రెక్కలు అక్కర్లేదు. బోనులు, దాణా సంచులు, బండి చక్రాలు, మన చెప్పులకు అంటిన రెట్ట చాలు.

మన దేశంలో ఇది మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 జనవరి చివర్లో ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్‌లో, ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరు, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరుల్లో కనిపించింది. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారిస్తే, ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్లను చంపి పూడ్చేస్తారు. పది కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు.

మనుషులకు ఇది అరుదుగా సోకుతుంది. ఈ వైరస్ అతుక్కోవడానికి అనువైన కణాలు మన ముక్కు, గొంతుల్లో తక్కువ, ఊపిరితిత్తుల లోతుల్లో ఎక్కువ. అందుకే ఒకరి నుంచి మరొకరికి తేలిగ్గా పాకదు. కానీ సోకితే ప్రాణాపాయం. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకితే ఆరుగురు చనిపోయారు. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఈ జబ్బుతో కన్నుమూసింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు.

బస్తర్ పల్లెల్లో కోడి అంటే ఇంటి పొదుపు. ఉప్పుకో మందులకో డబ్బు కావాలంటే దాన్నే సంతకు తెస్తారు. కోళ్లు జబ్బుపడితే అన్నీ పోతాయన్న భయంతో ఆ సంగతి దాచిపెట్టడం, త్వరగా అమ్మేయడం లేదా కోసుకు తినడం జరుగుతుంది. వైరస్‌కు కావలసింది కూడా అదే. చంపిన కోళ్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుందని, కేంద్రం, రాష్ట్రం ఆ ఖర్చును చెరిసగం భరిస్తాయని తెలిస్తే కొంత ధైర్యం వస్తుంది.

మనం చేయగలిగినవి ఇవి:

• చనిపోయిన కాకినైనా కోడినైనా ముట్టుకోకుండా పెద్దలకు చెప్పాలి. వాళ్లు పశువైద్యశాలకు తెలపాలి.
• పచ్చి మాంసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.
• మాంసం, గుడ్లు లోపలి దాకా ఉడకాలి. 70 డిగ్రీల సెల్సియస్ వేడికి వైరస్ చస్తుంది.
• కోళ్ల దగ్గర తిరిగాక జ్వరం, దగ్గు వస్తే ఆ విషయం డాక్టరుకు చెప్పాలి.

మా తరగతిలో హల్బీ, గోండీ మాట్లాడే మిత్రులు ఉన్నారు. ఈ నాలుగు మాటలూ వాళ్ల భాషలో వాళ్ల ఊరి సంతకు చేరితే, వైరస్ కన్నా ముందే జాగ్రత్త చేరినట్టు.