గరుకు చర్మం, గుండె భయం

శంషాబాద్ విమానాశ్రయ పరిసరాలలో చలికాలపు పొడిగాలి మొదలైతే చాలు, కొందరు పసిపిల్లల మోచేతి, మోకాలి మడతలు ఎర్రబడి, దురదతో ఇంటిల్లిపాదికీ నిద్ర కరువవుతుంది. వైద్యులు దీనిని ఎగ్జిమా అంటారు. ఇళ్లలో గజ్జి అనో, తామర అనో పిలుస్తారు. చిక్కంతా ఆ పేర్లలోనే ఉంది. గజ్జి సూక్ష్మమైన పురుగు వల్ల, తామర శిలీంధ్రం వల్ల వచ్చి ఇతరులకు సోకుతాయి. ఎగ్జిమా ఎవరికీ అంటుకోదు. ఆ బిడ్డను మదరసాలో వేరుగా కూర్చోబెట్టడం అన్యాయం.

ఇది గుండెకూ చేటా? 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన పరిశోధనలో లక్షలాది బ్రిటన్ వయోజనుల వివరాలను పరిశీలించారు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్నవారిలో గుండెపోటు, గుండె వైఫల్యం ఎక్కువగా కనిపించాయి. అయితే అది పెద్దల లెక్క. పసితనపు ఎగ్జిమాయే మున్ముందు గుండెజబ్బు తెస్తుందని నిరూపణ కాలేదు.

అంతకంటె దగ్గరి ప్రమాదం మందుల దుకాణంలో ఉంది. చీటీ లేకుండా కొనే ఘాటైన స్టెరాయిడ్ మిశ్రమ లేపనాలు చర్మాన్ని పలుచబరుస్తాయి. నెలల తరబడి పూస్తే పసి ఒంట్లోకి ఇంకి బరువును, రక్తపోటును పెంచగలవు. వైద్యుడు కొలిచి ఇచ్చిన స్టెరాయిడ్‌కు మాత్రం జంకనవసరం లేదు.

స్నానానికి గోరువెచ్చని నీరు, కొద్ది నిమిషాలే. వుజూ చేసిన పిల్లల చేతులను రుద్దకుండా మెత్తగా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే వాసలీన్ రాయాలి. పుండ్లు చీముపట్టినా, జ్వరం వచ్చినా నీలోఫర్ వంటి పిల్లల ఆసుపత్రికి అదేరోజు తీసుకువెళ్లాలి.