ఒక్కరే... బ్యాండంతా!

2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ కచేరీ జరిగింది. గిటార్ చెక్క మీద తట్టి దరువు, దానిపై తీగలు, ఆపై కోరస్‌కు మళ్లీ తన గొంతే. ఒక్కోటీ అప్పటికప్పుడు రికార్డు చేసి, తిప్పి తిప్పి వినిపిస్తూ పాట కట్టడం ఆయన పద్ధతి. ఆ పని చేసిపెట్టేది కాలి దగ్గరుండే లూపర్. భువనగిరిలోనో పోచంపల్లిలోనో ఉంటూ, బ్యాండు పెట్టడానికి తోడు దొరకని వాళ్లకు ఈ పరికరం మీద మోజు పుట్టడం సహజమే.

మరి కొనేద్దామా? ఆగండి. అసలు విద్య మీ కాలిలో ఉంది.

పెడల్ ఒకసారి నొక్కితే రికార్డింగ్ మొదలు, రెండోసారి నొక్కితే లూప్ తిరగడం మొదలు. తంటా అంతా ఆ రెండో నొక్కుతోనే. నాలుగో దెబ్బ వాయించగానే ‘అయిపోయింది’ అనుకుని చాలామంది నొక్కేస్తారు. నిమిషానికి 120 దెబ్బల వేగమైతే అక్కడ అర సెకను ఎగిరిపోతుంది, పాట కుంటుతుంది. బతుకమ్మ ఆడినవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. చుట్టు పూర్తయ్యేది ఆఖరి చప్పట్టు దగ్గర కాదు, మళ్లీ మొదటి చప్పట్టు పడినప్పుడు. పెడల్ కూడా ఆ ‘ఒకటి’ మీదే పడాలి.

అదే వేగంలో నాలుగేసి దెబ్బల నాలుగు చుట్లంటే కచ్చితంగా 8 సెకన్లు. మీ లూప్ 8.1 వచ్చిందనుకోండి, ఒంటరిగా వింటే తెలియదు. పక్కన డ్రమ్ మెషీన్ నడుస్తుంటే మాత్రం పది చుట్లు తిరిగేసరికి రెండింటికీ సెకను తేడా! బాస్ ఆర్‌సీ-505 లాంటి అయిదు ట్రాకుల స్టేషన్లలో ఈ తేడాను సర్దే క్వాంటైజ్ ఉంటుంది. అయినా ముందు అది లేకుండానే నేర్చుకోండి.

ఇంకో చిక్కు, తీగ మోత. లూప్ ముగిసినచోట మోత పుటుక్కున తెగితే అతుకు వినిపిస్తుంది. చాలా పెడళ్లలో రికార్డు కాగానే నేరుగా ఓవర్‌డబ్‌లోకి వెళ్లే సెట్టింగ్ ఉంటుంది. అది పెట్టుకుని తీగను మోగనిస్తే, మిగిలిన మోత లూప్ మొదట్లో కలిసిపోతుంది.

ఇక ఉద్యోగం మాట. ‘లూపర్ వాద్యకారులు కావలెను’ అని నోటిఫికేషనేం రాదు. కాలేజీ ఫెస్టులు, కేఫ్‌లు, సంగీత్ ఫంక్షన్లు ఉంటాయి, కానీ ఆ ఆదాయం నెలనెలా ఒకేలా ఉండదు. నిలకడగా పని దొరికే అవకాశం గేమ్ ఆడియో వైపు ఎక్కువ. ఆడేవాళ్లు ఒకే లెవెల్‌లో రెండు నిమిషాలుంటారో, ఇరవై నిమిషాలుంటారో తెలియదు కాబట్టి నేపథ్య సంగీతం అతుకు లేకుండా తిరగాల్సిందే. ఎఫ్‌మోడ్, వైజ్ అనే సాఫ్ట్‌వేర్లను నేర్చుకోవడానికి ఖర్చులేదు.

పోర్ట్‌ఫోలియోలో లూపులు పెట్టేటప్పుడు ఎంపీ3 వద్దు. ఆ ఫార్మాట్ మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుస్తుంది, మీరు పడ్డ కష్టమంతా అక్కడే పోతుంది. వేవ్ ఫైలే ఇవ్వండి. ముందుగా ఉచితంగా దొరికే ఆడాసిటీలో ఫోన్ రికార్డింగ్‌ను కత్తిరించి, లూప్‌లో పెట్టి, కళ్లు మూసుకుని వినండి. అతుకు ఎక్కడుందో దొరకనంత వరకు పెడల్‌కు డబ్బు తియ్యొద్దు.