శిలాక్షరాల నుండి కథాసౌధం దాకా: కల్కి రచనా జీవితం

ఆడి మాసం పదునెనిమిదవ నాడు, కావేరీ తీరవాసులు కొత్తనీటికి పూజలు చేసే పండుగ వేళ, వంద్యదేవుడనే యువకుడు గుర్రమెక్కి ఒక మహాతటాకపు గట్టు వెంట సాగిపోతుంటాడు. ఆ గట్టుకున్న తూములు డెబ్బది నాలుగు. వాటన్నిటి గుండా నీరు ఉరకలు వేస్తూ పొలాలకు పరుగెడుతుంటుంది. తమిళ పాఠకలోకాన్ని మూడున్నర ఏండ్ల పాటు వారం వారం ఊరించిన ‘పొన్నియిన్ సెల్వన్’ నవల ఇలా ఆరంభమవుతుంది. సాధారణ పాఠకుడు ఆ సంఖ్యను దాటుకొని కథలోకి పోతాడు. ఇంజినీర్లమైన మేము మాత్రం అక్కడే ఆగిపోయాము. రాకుమారుల కథ చెప్పబోతూ తూముల లెక్కతో మొదలుపెట్టిన ఈ రచయిత ఏమి చదివాడు, ఎలా రాశాడు అన్న కుతూహలం మాకు అప్పుడే కలిగింది.

మన టౌన్‌షిప్‌లలో తమిళ మిత్రుల ఇండ్లకు వెళ్లినవారు ఒక దృశ్యం చూసే ఉంటారు. పాత వారపత్రికల నుండి పుటలు కత్తిరించి, వరుసగా పేర్చి, కుట్టించి, అట్టవేయించిన బైండు పుస్తకాలు. అమ్మమ్మల కాలం నాటివి. కల్కి నవలలు మాకు తొలుత పరిచయమైనది అట్టి బైండుల ద్వారానే. మిత్రుడు చదివి అర్థం చెబుతుంటే వినేవారము.

రామస్వామి కృష్ణమూర్తి 1899 సెప్టెంబరు 9న మాయవరం సమీపంలోని పుత్తమంగళంలో జన్మించారు. 1921లో గాంధీజీ పిలుపు విని, పాఠశాల చివరి పరీక్షకు కూర్చోకుండానే చదువుకు స్వస్తి చెప్పారు. స్వాతంత్ర్య సమరంలో మూడు పర్యాయాలు జైలుకు వెళ్లారు. తిరు.వి.క. గారి ‘నవశక్తి’లో పనిచేశారు. రాజాజీ సన్నిధిలో, తిరుచెంగోడు ఆశ్రమం నుండి మద్యనిషేధ ప్రచారానికి వెలువడిన పత్రికలో పనిచేశారు. ఆపై ‘ఆనంద వికటన్’కు సంపాదకత్వం వహించారు. 1941లో మిత్రుడు సదాశివంతో కలిసి తన కలం పేరుతోనే ‘కల్కి’ పత్రికను స్థాపించారు. దానికి పెట్టుబడి సమకూరినది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు ‘సావిత్రి’ చిత్రంలో నారద పాత్ర ధరించినందుకు వచ్చిన పారితోషికం వల్ల. ఆ చిత్ర దర్శకుడు మన వై.వి. రావు గారు కావడం తెలుగువారికి ముచ్చట గొలిపే విషయం.

ఆయన పఠనాభిరుచి రెండు పాయలుగా సాగినది. ఒకటి వాల్టర్ స్కాట్, అలెగ్జాండర్ డ్యూమా వంటి పాశ్చాత్య చారిత్రక నవలాకారుల పాయ. ఖడ్గమూ చమత్కారమూ సమానంగా ఝళిపించే సాహసి, రహస్యలేఖలు, మారువేషాలు, అధ్యాయం చివర గుండె ఆగినంత పని చేసే మలుపు ఇవన్నీ అక్కడి నుండి వచ్చినవే. రెండవది శాసనాల పాయ. నీలకంఠశాస్త్రి గారి చోళ చరిత్ర, సదాశివ పండారత్తార్ గారి గ్రంథం ఆయనకు నిత్యపారాయణ గ్రంథాలు. ఇంతటి జనప్రియ రచయిత ఇంత శ్రద్ధగా చరిత్రకారుల వెంట నడవడం అరుదని మా అభిప్రాయం.

ఆ శ్రద్ధ ఎంత ఫలించినదో చూడండి. రాజరాజు తన అక్క కుందవై పట్ల ఎంత గౌరవం చూపేవాడో 1010 నాటికి పూర్తయిన తంజావూరు బృహదీశ్వరాలయపు గోడలే చెబుతాయి. ఆలయానికి వచ్చిన కానుకలను లిఖింపజేస్తూ, తన కానుకల పిమ్మట అక్క కానుకలను పేర్కొని, ఆ తరువాతనే రాణులవి చెప్పించాడు. ఆ శాసనాలలోనే కుందవైని వల్లవరయర్ వంద్యదేవుని దేవేరిగా పేర్కొన్నారు. ఆ భర్తను గురించి చరిత్ర చెప్పినది ఇంచుమించుగా అంతే. అటువంటి ఒక్క పేరును తీసుకొని, దానికి గుర్రాన్నీ కత్తినీ కొంటెతనాన్నీ ఇచ్చి, 290కి పైగా అధ్యాయాల నవలకు నాయకుణ్ణి చేశారు కల్కి.

అయితే నవలకు కీలకమైనది ఒక హత్య. రాజరాజు అన్నగారైన ఆదిత్య కరికాలుడు యువరాజుగా ఉండగానే హతుడయ్యాడు. ఉడయార్‌కుడి ఆలయ శాసనం ద్రోహులుగా సోముడు, రవిదాసుడు, పరమేశ్వరుడు మొదలైనవారిని పేర్కొని, వారి బంధువుల ఆస్తులను గురించిన రాజాజ్ఞను తెలియజేస్తుంది. ఆ శాసనం రాజరాజు పాలన తొలి ఏండ్లది. ఈ నడుమ సింహాసనంపై ఉన్నది పినతండ్రి ఉత్తమచోళుడు. అన్నేళ్లు ద్రోహులకు శిక్ష ఎందుకు పడలేదు? ఉత్తమచోళునికి హత్యలో పాత్ర ఉన్నదని నీలకంఠశాస్త్రి గారు అనుమానించారు. పండారత్తార్ గారు అంగీకరించలేదు. ఇరువురూ మహాపండితులే.

ఇక్కడ కల్కి చేసిన పని మాకు చాల నచ్చినది. ప్రమాదాలపై విచారణ సంఘాలలో కూర్చున్నవారికి ఈ ఇరకాటం తెలుసు. సాక్ష్యం చాలనప్పుడు ఎవరో ఒకరి పేరు రాసి ఫైలు మూసివేయాలన్న ఒత్తిడి వస్తుంది. పేరు పడిన మనిషి జీవితాంతం దానిని మోయాలి. వేయి ఏండ్ల క్రితం చనిపోయినవాడు జవాబు చెప్పుకోవడానికి కూడా రాలేడు. కల్కి ఆ హత్యను కడంబూరు మేడలో, చీకటిలో, పలువురి సమక్షంలో జరిపించి, వేటు వేసిన చేయి ఎవరిదో తేల్చకుండా విడిచిపెట్టారు. ఉత్తమచోళునిపై నింద పడకుండా కథను మలచిన తీరు ఇక్కడ వివరించము. చదవబోయేవారి ఆనందానికి భంగం. ఉడయార్‌కుడి ఉన్నది మొదట చెప్పిన ఆ చెరువు చేరువనే, కాట్టుమన్నార్‌కోయిల్‌లో. ద్రోహుల పేర్లు చెక్కిన రాయికి దగ్గరగా కథను ప్రారంభించడం కాకతాళీయమని మేము అనుకోము. వీరాణమని నేడు వ్యవహరించే ఆ చెరువు నీరు 2004 నుండి 200 కిలోమీటర్లకు పైబడిన గొట్టపు మార్గాన చెన్నై నగరానికి అందుతున్నది.

ఆయనలో లోపాలు లేవా? ఉన్నాయి. వారపత్రికకు పుటలు నింపాలి గనుక కథ అక్కడక్కడ సాగదీసినట్లుంటుంది. చెట్టు చాటున, గోడ చాటున నిలబడి రహస్యాలు వినని పాత్ర దాదాపు లేదు! నందిని పూర్తిగా కల్పిత పాత్ర. కాని 2022, 2023లలో మణిరత్నం చిత్రాలు వచ్చిన తరువాత ఆమె నిజంగా జీవించినదేనా అని మమ్మల్ని అడిగినవారున్నారు. కల్పనకు అంత బలం ఇచ్చిన రచయితను మెచ్చుకోవాలో, తప్పుపట్టాలో మాకు నేటికీ తేలలేదు. సమాప్తి హఠాత్తుగా ఉన్నదని పాఠకులు నిలదీయగా, పాత్రల తరువాతి చరిత్రను చెబుతూ కల్కి ముగింపు వ్యాసమే రాయవలసి వచ్చినది.

బల్లముందు కూర్చునే రాసిన మనిషి కారాయన. చిత్రకారుడు మణియంను వెంటబెట్టుకొని శ్రీలంకకు వెళ్లి కథాస్థలాలను చూసి వచ్చారు. పల్లవుల కాలం నాటి ‘శివగామియిన్ శపథం’ ఊహ మామల్లపురం సముద్రతీరాన, రసికమణి టి.కె. చిదంబరనాథ మొదలియార్ సాంగత్యంలో అంకురించినది. అది నవలగా వెలువడినది 1944-46లలో.

ఈ చోళగాథ మనకు పరాయిది కాదు. రాజరాజు తన కుమార్తెకు అక్క పేరే పెట్టాడు. ఆ చిన్న కుందవై వేంగీ చాళుక్య విమలాదిత్యుని ఇల్లాలై వచ్చినది. వారి కుమారుడే రాజరాజనరేంద్రుడు, నన్నయభట్టారకుని ప్రభువు. ఆంధ్ర మహాభారతాన్ని కోరిన ప్రభువుకు ‘పొన్నియిన్ సెల్వన్’ మాతామహుడన్నమాట.

కల్కి మాత్రం తన రచనలలో పెద్దపీట వేసినది ఈ నవలకు కాదు, స్వాతంత్ర్య సమరాన్నీ దేశవిభజననూ చిత్రించిన ‘అలై ఓసై’కి. 1956లో సాహిత్య అకాడమీ పురస్కారం దానికే లభించినది. అందుకోవడానికి ఆయన లేరు. ‘పొన్నియిన్ సెల్వన్’ 1954లో పూర్తయినది. అదే ఏడాది డిసెంబరు 5న, యాభై అయిదవ ఏట, కన్నుమూశారు. అప్పటికి చేతిలో ఉన్న ‘అమర తార’ నవల అసంపూర్తిగా మిగిలినది. ఆయన రాసిపెట్టుకున్న టిప్పణాల ఆధారంగా కుమార్తె ఆనంది దానిని పూర్తిచేశారు.