చవక చెవులకు అంతరిక్ష కబుర్లు

పెన్‌డ్రైవ్ సైజులో ఒక పరికరం ఉంది. యూరప్ వాళ్లు కంప్యూటర్లో టీవీ చూసుకోవడానికి తయారైంది. అందులోని రియల్‌టెక్ చిప్‌ను సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిపిస్తే టీవీ ఒక్కటే కాదు, చాలా రేడియో తరంగాలను ముడి అంకెలుగా కంప్యూటర్‌కు అందిస్తుందని 2012లో ఔత్సాహికులు కనిపెట్టారు. దాంతో ఖరీదైన రిసీవరు చేసే పని కొద్ది వేల రూపాయల్లోకి దిగొచ్చింది. ఉపగ్రహాలను వినే ఇంటి గ్రౌండ్ స్టేషన్లు ఇన్ని పుట్టుకురావడానికి ఈ టీవీ ముక్కే కారణం.

యాంటెన్నా ఇంకా చవక. 137 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడే వాతావరణ ఉపగ్రహాన్ని వినడానికి 53 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు చాలు. ఆ తరంగం పొడవు సుమారు 2.2 మీటర్లు. అందులో పావు వంతు కంటే పిసరంత తక్కువ ఈ కొలత. కడ్డీల మధ్య 120 డిగ్రీల కోణం ఉంచి, నేలకు సమాంతరంగా, ఉత్తర దక్షిణాలుగా బిగిస్తే సరి, తిప్పే మోటార్లు అక్కర్లేదు. బట్టలారేసే ఇనుప తీగలు దగ్గర్లో లేకుండా చూసుకోవాలి. ఆ విషయంలో ఇంట్లోవాళ్లను ఒప్పించడమే అసలు ఇంజనీరింగ్!

ఒక్క హెచ్చరిక. పాత పాఠాలన్నీ అమెరికా వారి నోవా 15, 18, 19 ఉపగ్రహాలతో మొదలుపెట్టమంటాయి. ఆ మూడూ 2025లో పదవీ విరమణ చేశాయి. ఇప్పుడు రష్యా వారి మెటియోర్ ఉపగ్రహాలే దిక్కు.

ఉపగ్రహం దగ్గరికొస్తుంటే దాని ఫ్రీక్వెన్సీ కొంచెం ఎక్కువగా, దూరమవుతుంటే తక్కువగా వినిపిస్తుంది. ఇదే డాప్లర్ ప్రభావం. 1957 అక్టోబరులో స్పుత్నిక్ కూతలు వింటూ అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాలలో గయర్, వైఫెన్‌బాక్ అనే ఇద్దరు యువకులు ఈ తేడాను లెక్కగట్టి దాని కక్ష్య తేల్చేశారు. కక్ష్య ముందే తెలిస్తే, వినేవాడు ఎక్కడున్నాడో కూడా తేల్చవచ్చు కదా అని వాళ్ల పై అధికారికి తట్టింది. అలా పుట్టిన ట్రాన్సిట్ వ్యవస్థే జీపీఎస్‌కు పూర్వీకురాలు.

చవక చెవుల చరిత్రలో నాకు బాగా నచ్చినది ఇంగ్లండ్‌లోని కెటరింగ్ గ్రామర్ స్కూలు కథ. అక్కడి భౌతికశాస్త్రం మాస్టారు జెఫ్రీ పెరీ పాత రేడియో ఒకటి పెట్టుకుని, పిల్లలతో కలిసి సోవియట్ ఉపగ్రహాలు వచ్చే వేళలు రాసుకునేవాడు. 1966లో వచ్చిన కాస్మాస్ 112 మిగతావాటిలా లేదు, కక్ష్య వాలు వేరు. తర్వాత మరో ఉపగ్రహం దారి కూడా గీసి చూస్తే, రెండు గీతలూ కలిసిన చోటు ఉత్తర రష్యాలోని ప్లెసెట్స్క్. ప్రపంచానికి తెలియని ప్రయోగ కేంద్రం! అలాంటిదొకటి ఉందని సోవియట్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1983లో. బడిపిల్లలు అప్పటికి పదిహేడేళ్ల ముందే పట్టేశారన్నమాట.

చచ్చిపోయాయనుకున్నవి లేచి కూర్చోవడమూ ఉంది. 1974లో ఎగిరిన హామ్‌ల (ఔత్సాహిక రేడియో వాళ్ల) ఉపగ్రహం ఆస్కార్-7 బ్యాటరీ చెడి 1981లో మూగబోయింది. 2002లో ఉన్నట్టుండి మళ్లీ పలికింది! షార్ట్ అయిన బ్యాటరీలో లింకు తెగిపోవడంతో సౌరఫలకాల కరెంటు నేరుగా రేడియోకు అందిందని నిపుణుల అంచనా. అందుకే ఎండ తగిలితే లేస్తుంది, భూమి నీడలోకెళితే పడుకుంటుంది.

నాసా 2005లో పోగొట్టుకున్న ఇమేజ్ ఉపగ్రహాన్ని 2018 జనవరిలో పట్టుకున్నది కెనడాకు చెందిన ఔత్సాహికుడు స్కాట్ టిల్లీ. ఆయన వెతుకుతున్నది అసలు దీని కోసం కాదు, జూమా అనే అమెరికా రహస్య ఉపగ్రహం కోసం.

ఇంట్లో మూలపడిన డీటీహెచ్ గొడుగు ఉంటే పారేయకండి, దాంతో ఇంకో ఉపగ్రహాన్ని వినొచ్చు. భూస్థిర కక్ష్యలోకి హామ్‌ల ట్రాన్స్‌పాండర్‌ను (సంకేతాలు అందుకుని తిరిగి పంపే పరికరాన్ని) మోసుకెళ్లిన మొదటి ఉపగ్రహం ఖతార్ వారి ఎస్‌హైల్-2. 2018 నవంబరులో ఎగిరింది. హైదరాబాద్ నుంచి పడమటి దిక్కున, కాస్త దక్షిణానికి జరిగి, సుమారు 28 డిగ్రీల ఎత్తులో కదలకుండా నిలబడి ఉంటుంది. దాని 10,489 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని గొడుగు ముందుండే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న డబ్బా 739 మెగాహెర్ట్జ్‌కి దించుతుంది. అక్కడి నుంచి టీవీ ముక్క అందుకుంటుంది. ఎండకు ఎల్‌ఎన్‌బీ వేడెక్కేకొద్దీ ఫ్రీక్వెన్సీ జారుతుంటుంది కాబట్టి ట్యూనింగ్ సరిచేస్తూ ఉండాలి.

ఇవన్నీ వినడానికి. ఉపగ్రహం ద్వారా తిరిగి మాట్లాడాలంటే మాత్రం పరీక్ష రాసి హామ్ లైసెన్సు తీసుకోవాల్సిందే. మనవాళ్ల కోసం ఇస్రో 2005 మే 5న హామ్‌శాట్‌ను శ్రీహరికోట నుంచి పంపింది. అక్కడి రెండో ప్రయోగ వేదిక నుంచి లేచిన మొదటి రాకెట్టు దానిదే. 42.5 కిలోల ఆ బుడత 2014 దాకా ప్రపంచంలోని హామ్‌ల మాటలు మోసింది. 2010లో అదే శ్రీహరికోట నుంచి వెళ్లిన స్టడ్‌శాట్ కిలో బరువు కూడా లేదు. కట్టింది బెంగళూరు, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు.